లేని కాగితానికి ఒక ఉత్తరం

ఆదివారం మధ్యాహ్నం మా మేనకోడలు ఫోన్ చేసింది. చాట్స్‌వర్త్‌లో పుట్టి పెరిగిన పిల్ల. లెక్కల టీచర్. పెళ్ళై మూడేళ్ళయింది. భార్యాభర్తలిద్దరూ కెనడా వలసకు దరఖాస్తు పెట్టుకుంటున్నారని మా అందరికీ తెలుసు.

"మామయ్యా, అన్నీ ఉన్నాయి. ఒక్క కాగితం లేదు" అంది.

"ఇంకా ఎన్నాళ్ళుంది?"

"23 రోజులు."

మేం మాట్లాడుకున్నది ఎక్కువగా ఇంగ్లీషులోనే. మన ఇళ్ళలో ఇప్పుడు అలాగే జరుగుతుంది. చదువుకునే పిల్లల కోసం ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. నేను ముప్పై ఏళ్ళు ఒక బడి ఆఫీసులో గుమస్తాగా పనిచేశాను. అందుకని మా బంధువుల్లో ఎవరికి ఏ ఉత్తరం కావాలన్నా నా దగ్గరికే వస్తారు. పింఛను ఉత్తరాలు రాశాను, మునిసిపాలిటీకి రాశాను, పెళ్ళి సంబంధాలకూ రాశాను. కానీ లేని కాగితం గురించి ఉత్తరం రాయడం నాకు అదే మొదటిసారి.

ఆమె దగ్గర లేనిది పోలీసు ధ్రువపత్రం. ధ్రువపత్రం అంటే సర్టిఫికెట్. "ఈ మనిషి మీద మా దేశంలో నేరాలేమీ నమోదు కాలేదు" అని ఒక దేశం రాసిచ్చే కాగితం ఇది. నేరాలు ఉంటే అవేమిటో అందులోనే రాస్తారు. దక్షిణాఫ్రికాలో దీన్ని పోలీస్ క్లియరెన్స్ అంటాం. మారిషస్‌లో దీని పేరు సర్టిఫికెట్ ఆఫ్ కారెక్టర్. అక్కడ దాన్ని ఇచ్చేది పోలీసులు కాదు, పబ్లిక్ ప్రాసిక్యూషన్స్ డైరెక్టర్ ఆఫీసు. మలేషియాలో విదేశాంగ శాఖ ఇస్తుంది. ఇండియాలో ఆ దేశ పౌరులకు పాస్‌పోర్టు ఆఫీసు ఇస్తుంది. అడిగేది ఒకటే కాగితం, కానీ ఏ దేశంలో ఏ తలుపు కొట్టాలో ముందు తెలుసుకోవాలి. చాలామంది ఇక్కడే రెండు వారాలు పోగొట్టుకుంటారు.

కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో దరఖాస్తు పెట్టమని పిలుపు వచ్చాక 60 రోజుల గడువు ఉంటుంది. ఆ గడువు పెంచరు. గత పదేళ్ళలో, 18 ఏళ్ళు నిండాక, వరసగా ఆరు నెలలు లేదా అంతకన్నా ఎక్కువ ఏ దేశంలో ఉంటే ఆ దేశం నుంచి పోలీసు ధ్రువపత్రం ఇవ్వాలి. కెనడాలో ఉన్న కాలానికి మాత్రం అక్కర్లేదు. ఇప్పుడు ఉంటున్న దేశం కాగితం దరఖాస్తుకు ముందు ఆరు నెలల లోపు తీసుకున్నది అయి ఉండాలి. పాత దేశాల కాగితం అక్కడ చివరిసారి ఉన్న తర్వాత తీసుకున్నది అయితే చాలు. భర్తకూ ఇవే నియమాలు. ఆస్ట్రేలియా లెక్క వేరు. అక్కడ పదేళ్ళలో మొత్తం 12 నెలలు ఉన్న దేశాలను అడుగుతారు. అందుకని పక్కింటివాళ్ళు ఏం చేశారో విని అదే చేయకండి. వాళ్ళు వెళ్ళింది వేరే దేశం కావచ్చు.

మా పిల్ల మూడు దేశాల్లో ఉంది. మొదట కొరియాలో ఒక ఏడాది ఇంగ్లీషు చెప్పింది. మన దక్షిణాఫ్రికా కుర్రకారు చాలామంది ఈ పని చేశారు. తర్వాత ఒక గల్ఫ్ దేశంలో రెండేళ్ళు లెక్కలు చెప్పింది. ఆ తర్వాత ఇంటికి వచ్చింది, పెళ్ళి చేసుకుంది. కొరియా కాగితం ఆ దేశపు ఎంబసీ ద్వారా వచ్చేసింది. దక్షిణాఫ్రికా కాగితం కూడా వచ్చింది. గల్ఫ్ కాగితం ఒక్కటే రాలేదు.

దక్షిణాఫ్రికా కాగితం గురించి రెండు మాటలు చెప్పాలి. మనలో చాలామందికి అవసరమయ్యేది అదే. దగ్గరలోని పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి పది వేళ్ళ ముద్రలు ఇవ్వాలి. ఆ ముద్రలు ప్రిటోరియాలోని క్రిమినల్ రికార్డ్ సెంటర్‌కు చేరాలి. అక్కడికి చేరాక సుమారు 15 పనిదినాలు అని వాళ్ళు చెబుతారు. చేరడానికి పట్టే రోజులు ఆ లెక్కలో లేవు. రుసుము ఏటా ఏప్రిల్‌లో మారుతుంది, కాబట్టి పోయిన ఏడాది అన్నయ్య కట్టిన మొత్తం కట్టకండి. పెళ్ళైన ఆడవాళ్ళు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. పుట్టింటి పేరు, అత్తింటి పేరు రెండూ ఆ కాగితం మీద ఉండాలంటే విడిగా అడగాలి. పెళ్ళి సర్టిఫికెట్ నకలు జతచేయాలి. అడగకపోతే ఒక్క పేరే వస్తుంది. మా పిల్ల అడిగింది. ఆ ఒక్క తెలివైన పని తర్వాత మాకు ఎంతో ఉపయోగపడింది.

ఆమె వేలిముద్రలు ఇవ్వడానికి వెళ్ళిన రోజు మా అమ్మను కూడా వెంట తీసుకెళ్ళింది. ఆ తర్వాత ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, అందుకు. అమ్మకు 84 ఏళ్ళు. బల్ల మీద సిరా పలక, పక్కన పోలీసు, తన మనవరాలి చేతివేళ్ళు ఒక్కొక్కటిగా నల్లబడటం చూసి అమ్మకు నచ్చలేదు.

"ఏం తప్పు చేశావని నీ వేళ్ళు పట్టుకుంటున్నారే?" అంది.

"తప్పు చేయలేదని రాసివ్వడానికి, అమ్మమ్మా."

"చేయనిదానికి కాగితం ఎందుకు?"

ఈ ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు. కానీ అమ్మ కోపం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. ట్రాన్స్‌వాల్‌లో 1906లో, 1907లో భారతీయులందరూ పది వేళ్ళ ముద్రలు వేసి పేరు నమోదు చేసుకోవాలని చట్టాలు తెచ్చారు. ఆ వేలిముద్రల పద్ధతిని బెంగాల్ పోలీసుల్లో తీర్చిదిద్దిన ఎడ్వర్డ్ హెన్రీయే 1900లో ఇక్కడి పోలీసు ఏర్పాట్ల కోసం దక్షిణాఫ్రికాకు వచ్చాడు. సత్యాగ్రహం మొదలైంది ఈ గొడవ మీదే. 1908 ఆగస్టు 16న జోహానెస్‌బర్గ్‌లో హమీదియా మసీదు దగ్గర మనవాళ్ళు తమ రిజిస్ట్రేషన్ కాగితాలను పెద్ద బానలో వేసి తగలబెట్టారు. మన నాటాల్‌లోనూ కాగితం భయం ఉండేది. ఒప్పంద కూలీ యజమాని ఇచ్చిన చీటీ లేకుండా తోట దాటితే పట్టుకునేవారు. మా అమ్మ తాతగారు తన విడుదల కాగితాన్ని బిస్కెట్ల డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను ట్రంకు పెట్టెలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవారట. పోలీసు, కాగితం అనే రెండు మాటలు పక్కపక్కన వింటే మా అమ్మకు ఇప్పటికీ ఆ తాళంచెవి గుర్తొస్తుంది.

ఇక అసలు కథకు వస్తాను.

గల్ఫ్ దేశం పేరు రాయను. ఇప్పటికి అక్కడి పద్ధతి మారి ఉండొచ్చు. మా పిల్ల వెళ్ళినప్పటి పద్ధతి ఇది. ఆ దేశంలో ఉండగానే అడిగితే కాగితం కొన్ని రోజుల్లో వస్తుంది. వదిలి వచ్చేశాక అడిగితే వేలిముద్రలు ఇక్కడ తీయించాలి. వాటి మీద ప్రిటోరియాలో మన విదేశాంగ శాఖ ముద్ర వేయించాలి. తర్వాత ఆ దేశపు ఎంబసీ ముద్ర వేయించాలి. తర్వాత వాటిని ఆ దేశానికి పంపి, అక్కడ ఉన్న ఒక మనిషికి అధికారపత్రం ఇచ్చి, ఆ మనిషి చేత పోలీసు ఆఫీసులో ఇప్పించాలి. ఇవన్నీ కావాలంటే పాత నివాస కార్డు నంబరు కావాలి. కార్డు ఆమె దగ్గర లేదు. దేశం వదిలేటప్పుడు తిరిగి ఇచ్చేసింది. ఫొటో కూడా తీసి పెట్టుకోలేదు.

మీ పిల్లలెవరైనా ఇప్పుడు వేరే దేశంలో పనిచేస్తుంటే ఈ ఒక్క పేరా వాళ్ళకు పంపండి. అక్కడినుంచి బయలుదేరే ముందు నెలలో పోలీసు ధ్రువపత్రం తీసుకోమనండి. ఇప్పుడు అవసరం లేకపోయినా తీసుకోమనండి. నివాస కార్డుకు రెండు వైపులా ఫొటో తీసుకోమనండి. ఉద్యోగ ఒప్పందం, జీతం చీటీలు, బడి ఇచ్చిన అనుభవ పత్రం అన్నీ ఒకచోట పెట్టమనండి. ఇంటికి వచ్చాక ఇవి సంపాదించడం పది రెట్లు కష్టం.

ఆమె బడికి మూడు ఈమెయిళ్ళు రాసింది. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి "మీ ఫైలు పాత ఆఫీసులో ఉంది" అని ఒక వాక్యం వచ్చింది. మూడోదానికి మళ్ళీ మౌనం. చివరికి నంబరు దొరికింది ఎక్కడో తెలుసా? తన బ్యాంకు పాత స్టేట్‌మెంటులో. అక్కడ ఖాతా తెరిచినప్పుడు ఆ నంబరు ఇచ్చింది. 31వ రోజున దొరికింది. అప్పుడు ముద్రల కోసం కాగితాలు ప్రిటోరియా పంపింది. ఒక ముద్ర తక్కువైందని అవి తిరిగి వచ్చాయి. మళ్ళీ పంపింది. నాకు ఫోన్ చేసింది 37వ రోజున. 60 రోజుల్లో ఆ కాగితం రాదని అప్పటికే స్పష్టంగా తెలుస్తోంది.

"నువ్వు ఈ పని మొదటి రోజే మొదలుపెట్టి ఉంటే?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"పిలుపు వస్తుందో రాదో తెలియదు కదా మామయ్యా. వచ్చాక చూద్దాం అనుకున్నాను."

అందరూ అదే అనుకుంటారు. నిజానికి పిలుపు రాకముందే, పేరు నమోదు చేసుకున్న రోజునుంచే, కష్టమైన దేశం కాగితం కోసం తిరగడం మొదలుపెట్టాలి.

ఆ వారం మధ్యలో ఇంకొక సలహా వచ్చింది. వలస దరఖాస్తులు నింపిపెట్టే ఒక మనిషిని ఆమె భర్త కలిశాడు. ఆయన చాలా తేలిగ్గా చెప్పాడట. "గల్ఫ్‌లో ఐదు నెలలే ఉన్నట్టు రాయండి. ఆరు నెలలు కాకపోతే కాగితమే అడగరు." ఫీజు కూడా తక్కువే.

ఆ రాత్రి ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. భర్త మంచివాడే, కానీ అలసిపోయి ఉన్నాడు. "పెద్దనాన్న కొడుకు ఇలాగే చేసి వెళ్ళాడంటున్నారు" అన్నాడు. నేను వాళ్ళ చేత పాస్‌పోర్టు తెరిపించాను. గల్ఫ్ వీసా, లోపలికి వెళ్ళిన ముద్రలు, బయటికి వచ్చిన ముద్రలు అన్నీ అందులో ఉన్నాయి. పైగా ఉద్యోగ అనుభవానికి మార్కులు వస్తాయి కదా, ఆ మార్కుల కోసం గల్ఫ్‌లో రెండేళ్ళు పనిచేశానని ఆమె అదే దరఖాస్తులో ముందే రాసింది. ఒక పేజీలో రెండేళ్ళు, ఇంకో పేజీలో ఐదు నెలలు! అది చదివే అధికారికి గుమస్తా ఉద్యోగం చేసిన నా అంత తెలివైనా ఉంటుంది కదా.

కెనడా వలస చట్టంలో 40వ సెక్షన్ ఉంది. తప్పుడు సమాచారం ఇచ్చినా, ముఖ్యమైనది దాచినా ఐదేళ్ళపాటు ఆ దేశంలో అడుగుపెట్టనివ్వరు. కాగితం లేకపోవడం ఒక లోటు. దాన్ని వివరించొచ్చు. అబద్ధం అలా కాదు. ఏ నేరమూ చేయని పిల్ల, నేరం చేయలేదన్న కాగితం కోసం తప్పు చేయడమేమిటని నేను గట్టిగానే అన్నాను. కొంచెం గొంతు పెంచాను కూడా. అమ్మ లోపలి గదిలోంచి "ఏమైందిరా?" అని కేకేసింది. అతను ఆ మనిషికి మళ్ళీ ఫోన్ చేయలేదు.

అప్పుడు మిగిలిన దారి రెండే. ఒకటి, పిలుపును వద్దని చెప్పడం. అలా చెబితే పేరు మళ్ళీ వరసలోకి వెళ్తుంది, ఇంకో పిలుపు కోసం ఎదురుచూడొచ్చు. ఏమీ చెప్పకుండా గడువు దాటనిస్తే పేరే పోతుంది, మళ్ళీ మొదటినుంచి నమోదు చేసుకోవాలి. కానీ ఆమెకు పుట్టినరోజు దగ్గరపడుతోంది. వయసు పెరిగితే మార్కులు తగ్గుతాయి. మళ్ళీ పిలుపు వస్తుందన్న నమ్మకం లేదు. రెండోది, ఉన్నవన్నీ పెట్టి, లేనిదాని స్థానంలో వివరణ లేఖ పెట్టి, గడువులోపు దరఖాస్తు పంపడం. ఆమె రెండోది ఎంచుకుంది. ఇందులో ప్రమాదం లేకపోలేదు. మనం చేయగలిగినదంతా చేశామని అధికారికి అనిపించకపోతే దరఖాస్తు అసంపూర్ణం అని తిప్పి పంపొచ్చు. అందుకని ఆ ఉత్తరం మీదే అంతా ఆధారపడి ఉంది.

మొదటి ఉత్తరం ఆమె రాసింది. మూడు పేజీలు. చదివితే నాకే కళ్ళు చెమర్చాయి. తన చిన్నతనం, తన కలలు, కెనడా అంటే ఎంత ఇష్టమో, బడివాళ్ళు ఎంత అన్యాయం చేశారో, ఎంబసీ ఫోన్ ఎవరూ ఎత్తకపోవడం, అన్నీ ఉన్నాయి. తేదీలు మాత్రం రెండే ఉన్నాయి.

"ఇది మీ అమ్మకు రాసిన ఉత్తరంలా ఉంది. అధికారి మీ అమ్మ కాదు" అన్నాను.

"మరి ఏం రాయాలి?"

"ఆయన మనసులో నాలుగు ప్రశ్నలు ఉంటాయి. ఏ కాగితం లేదు? ఎందుకు లేదు? తెచ్చుకోవడానికి నువ్వేం చేశావు? ఇప్పుడు పరిస్థితి ఏమిటి? ఆ నాలుగింటికీ జవాబు చెప్పు, అక్కడితో ఆపు."

ఆమె కొంచెం నొచ్చుకుంది. కానీ కూర్చుంది. ఇద్దరం టేబుల్ మీద రశీదులన్నీ పరిచాం. కొరియర్ రశీదులు, బడికి రాసిన ఈమెయిళ్ళు, బడి పంపిన ఆ ఒక్క వాక్యం, ముద్రల కోసం కట్టిన రుసుము రశీదు, కాగితాలు తిరిగి వచ్చిన కవరు. ఆ కవరు చింపి పారేయబోతే నేనే ఆపాను. తేదీ వరసలో పెట్టాం. పెట్టాక ఉత్తరం దాదాపు తనంతట తానే వచ్చేసింది.

ఉత్తరం ఇంగ్లీషులోనే వెళ్ళింది. అందులో ఉన్నది తెలుగులో చెబితే సుమారుగా ఇలా ఉంటుంది. "నేను ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఆ దేశంలో ఉపాధ్యాయురాలిగా పనిచేశాను. అక్కడి పోలీసు ధ్రువపత్రాన్ని ఈ దరఖాస్తుతో ఇవ్వలేకపోతున్నాను. నేను ఆ దేశం వదిలి వచ్చాను కాబట్టి నా తరఫున మరొకరు అక్కడ స్వయంగా ఇవ్వాలి. దానికి ముందు రెండు ముద్రలు అవసరం. ఈ ప్రయత్నం ఫలానా రోజున మొదలుపెట్టాను." దాని కింద తేదీలు, ప్రతి తేదీ పక్కన ఏం చేసిందో ఒక్క వాక్యం, దానికి రుజువు ఎన్నో పేజీలో ఉందో ఆ అంకె. చివర్లో, "ప్రస్తుతం నా కాగితాలు ఆ దేశపు ఎంబసీలో ఉన్నాయి. ధ్రువపత్రం అందగానే పంపుతాను. ఆ దేశంలో నా మీద ఎలాంటి కేసూ లేదు, ఎప్పుడూ అరెస్టు కాలేదు. ఈ మేరకు ప్రమాణం చేసిన అఫిడవిట్ జతచేస్తున్నాను." అంతే. ఒకటిన్నర పేజీ.

అఫిడవిట్ కోసం లాయరు దగ్గరికి పోనక్కర్లేదు. మన దేశంలో పోలీస్ స్టేషన్‌లోనే ప్రమాణం చేయించి ముద్ర వేస్తారు, డబ్బు తీసుకోరు. మేం బడి ఇచ్చిన పాత అనుభవ పత్రం కూడా పెట్టాం. రెండేళ్ళు సక్రమంగా పనిచేసి వెళ్ళిందని అందులో ఉంది. ఇవేవీ పోలీసు ధ్రువపత్రానికి సమానం కావు. సమానమని ఉత్తరంలో అనకూడదు కూడా. అవి దొరికేదాకా చేతిలో ఉన్నవి ఇవే అని చెప్పడం వరకే.

ఇవన్నీ కలిపి ఒకే ఫైలుగా చేసి, పోలీసు ధ్రువపత్రం పెట్టాల్సిన గడిలోనే పెట్టాం. ఆ గడిలో ఏదో ఒక ఫైలు లేకపోతే దరఖాస్తు ముందుకు కదలదు. వివరణను వేరే మూల ఎక్కడో పెడితే కాగితం లేదనుకునే ప్రమాదం ఉంది. 58వ రోజు రాత్రి పంపింది. ఇంటర్నెట్ బాగుండగా, కరెంటు ఉండగా పంపమని నేను పట్టుబట్టాను. దక్షిణాఫ్రికాలో ఉన్నవాళ్ళకు ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక గల్ఫ్‌లో పోలీసు ఆఫీసుకు వెళ్ళిన మనిషి గురించి చెప్పాలి. ఆమెది రాజమండ్రి. అదే బడిలో సైన్సు చెప్పేది, ఇప్పటికీ చెబుతోంది. మా పిల్ల అక్కడ చేరిన మొదటి వారంలో ఫోన్‌లో "అమ్మమ్మా, తిన్నావా?" అనడం విని, "నువ్వు తెలుగా!" అని ఆశ్చర్యపోయిందట. దక్షిణాఫ్రికాలో తెలుగువాళ్ళు ఉంటారని ఆమెకు అప్పటిదాకా తెలియదు. 1860 నుంచి 1911 దాకా 1,52,184 మంది నాటాల్‌కు ఒప్పంద కూలీలుగా వచ్చారని, మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచే బయలుదేరిందని, అందులో మనవాళ్ళు ఉన్నారని మా పిల్ల ఆమెకు చెప్పింది. మా పిల్ల ఆమెను అక్కా అంటుంది. ఆ అక్క తన సెలవు రోజులు మూడు పోగొట్టుకుని ఆ ఆఫీసు చుట్టూ తిరిగింది.

మొదటి రోజు ఒక చిక్కు వచ్చింది. "ఈ పేరుతో ఎవరూ లేరు" అన్నారు.

మన పేర్ల కథ మీకు తెలుసు. తెలుగులో ఇంటిపేరు ముందు వస్తుంది, మనిషి పేరు తర్వాత వస్తుంది. ఓడ రిజిస్టర్లలో చాలామందికి ఇంటిపేరు రాయలేదు. మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద మచ్చలు, వీటితోపాటు ఒక నంబరు, అంతే. తర్వాతి తరంలో ఆ మొదటి మనిషి పేరే అందరికీ చివరి పేరైంది. డర్బన్‌లో అప్పలసామి అనే చివరి పేరు ఎంతమందికి ఉందో చూడండి. సింహాచలం అప్పన్న మీద భక్తితో ఎవరో తల్లి తన కొడుక్కి పెట్టుకున్న పేరు అది. ఇప్పుడు ముని మనవరాళ్ళ బ్యాంకు కార్డుల మీద ఉంది. మా ఇంట్లోనూ అలాగే జరిగింది. మా అసలు ఇంటిపేరేమిటో మాకెవరికీ తెలియదు.

గల్ఫ్‌లో పనిచేసినప్పుడు మా పిల్ల పాస్‌పోర్టులో పుట్టింటి పేరు ఉంది. ఇప్పటి పాస్‌పోర్టులో భర్త పేరు ఉంది. అక్కడి కార్డు మీద ఇంకొకటి చేరింది. మధ్యలో తండ్రి పేరు. ఆ దేశంలో అందరికీ అలా రాస్తారు. పైగా అరబీ లిపిలో 'ప' అక్షరం లేదు. 'ప' ఉన్నచోట 'బ' రాస్తారు. మా పేరులో రెండు 'ప'లు ఉన్నాయి. ఇన్ని మార్పులయ్యాక ఆ కంప్యూటరులో ఆమె దొరకకపోవడం వింత కాదు.

ఇక్కడే ఆ రెండు పేర్లున్న దక్షిణాఫ్రికా పోలీసు కాగితం పనికొచ్చింది. పుట్టింటి పేరు, అత్తింటి పేరు రెండూ ఒకే మనిషివని ఒక ప్రభుత్వం రాసిచ్చిన కాగితం అది. దానికి పెళ్ళి సర్టిఫికెట్, పాత పాస్‌పోర్టు నకలు జోడించి అక్కకు పంపింది. రెండోసారి వెళ్ళినప్పుడు నంబరుతో వెతికారు, దొరికింది. మూడోసారి వెళ్ళి కాగితం తీసుకుంది.

పాత పాస్‌పోర్టులు ఎప్పుడూ పారేయకండి. గడువు తీరినా సరే. మా పిల్ల పాతది అల్మారాలో స్వెటర్ల కింద దొరికింది.

దరఖాస్తు పంపిన రెండున్నర నెలలకు కాగితం కొరియర్‌లో వచ్చింది. ఈలోపు కెనడావాళ్ళు దరఖాస్తు తిప్పి పంపలేదు. అదే మాకు మొదటి శుభవార్త. ప్రతి ఉదయం ఆమె ఈమెయిలు చూసుకోవడం, ఏమీ లేకపోతే సంతోషించడం. ఆ నెలల్లో ఆమె రెండు కిలోలు తగ్గింది. భర్త రాత్రిళ్ళు టీవీ పెట్టుకుని ఏమీ చూడకుండా కూర్చునేవాడు. వాళ్ళు ఫ్లాట్ అద్దె ఒప్పందం కూడా నెలనెలా పొడిగించుకున్నారు. ఉంటారో వెళ్తారో తెలియని ఇంట్లో కొత్త కర్టెన్లు కూడా కొనలేరు.

కాగితం అరబీలో ఉంది. గుర్తింపు ఉన్న అనువాదకుడి చేత ఇంగ్లీషులోకి మార్పించాలి. అనువాదకుడు నిజాయితీపరుడు, అరబీలో ఎలా ఉందో అలాగే రాశాడు. 'ప'లు రెండూ 'బ'లుగానే వచ్చాయి. మళ్ళీ ఇంకో ఉత్తరం రాశాం. ఈసారి ఐదు వాక్యాలు. అరబీలో ఆ అక్షరం లేదని, రెండు పేర్లూ ఒకరివేనని, పుట్టిన తేదీ, పాత పాస్‌పోర్టు నంబరు రెండుచోట్లా ఒకటేనని రాశాం. అసలు కాగితం, అనువాదం, ఈ ఉత్తరం మూడూ కలిపి కెనడావాళ్ళ వెబ్ ఫారం ద్వారా పంపింది. దరఖాస్తు నంబరు ప్రతి పేజీ మీద రాయించాను. గుమస్తా అలవాటు.

తర్వాత నాలుగు నెలలకు అనుమతి వచ్చింది. ఆ వివరణ లేఖ వల్లే వచ్చిందని నేను చెప్పలేను. అధికారి దాని గురించి ఒక్క మాట కూడా రాయలేదు. వాళ్ళిప్పుడు విన్నిపెగ్‌లో ఉన్నారు. చలి గురించి రోజూ ఫిర్యాదు చేస్తారు.

వెళ్ళే ముందు మా పిల్ల ఆ గల్ఫ్ కాగితం, దాని అనువాదం నకళ్ళు నా దగ్గర ఒక కవరులో పెట్టి వెళ్ళింది. ఒకరోజు అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని ఆ అనువాదం మొత్తం వేలితో ఒక్కో అక్షరం పట్టుకుంటూ చదివింది. చదివి నా వైపు తిరిగింది.

"ఒరేయ్, ఇదెవరి పేరురా?" అంది.